మెల్లగా రాసే చెయ్యి

పని ముగిశాక కూడా కాసేపటి దాకా హైమావతి కుడిచెయ్యి ఆమెది కాదు. మోచేతి పైదాకా తొడుక్కున్న తొడుగు విప్పి, చర్మానికి అంటిన జిగురు తడిదూదితో తుడుచుకుని, చేతిని బల్ల మీద పెట్టుకుని కూర్చునేది. ఎవరి పసిబిడ్డనో కాసేపు చూస్తూ ఉండమంటే చూస్తున్నట్టు ఉండేది ఆ కూర్చోవడం. వేళ్లు ఇంకా దేన్నో పట్టుకునే ఉండేవి. మణికట్టు ఒకసారి విదిలించుకునేది. బొటనవేలు చూపుడువేలి పక్కన రుద్దుకునేది, అంటిన సిరా వదిలించుకుంటున్నట్టు. ఆ సిరా ఆరి రెండువేల ఏళ్లయింది.

"ఎలా ఉంది హైమగారూ?" అన్నారు కృపానందంగారు, తెర మీద గీతలు చూస్తూనే.

"బరువుగా ఉంది సార్."

"ఎక్కడ?"

"ముందు భుజంలో. తర్వాత ఇక్కడికి దిగింది." ఎడమచేత్తో గుండె చూపించింది. "ఎవరో పోయినట్టు. పోయి చాన్నాళ్లయినా ఇంకా లెక్కలోకి రానట్టు."

ఆయన ఆ మాటల్ని ఉన్నవి ఉన్నట్టే ఎక్కించుకున్నారు. గ్రీకు తెలిసిన ఫాదర్ గారు పంపిన తెలుగు అర్థాన్ని పొద్దున్నే ఆమెకు చదివి వినిపించారు. తాయెసిస్ అనే వితంతువు అధికారికి పెట్టుకున్న అర్జీ అది. ఉన్ని ఏకుకుని బతికే మనిషి. పక్కింటివాడు ఆమె పెరట్లో దూరి రెండు బాతుల్నీ ఒక రాగిగిన్నెనీ ఎత్తుకుపోయాడు. మగదిక్కు ఉంటే ఇంతకు తెగించేవాడు కాడు, నేను దిక్కులేనిదాన్ని, దయచూడండి అని రాసి ఉంది. అర్థం ముందే తెలిస్తే చెయ్యి తొందరగా లొంగుతుందని కృపానందంగారి పద్ధతి. రోజూ అలాగే చేసేవారు.

ఆ గది విశాఖపట్నంలో, రేవు క్రేన్లు కనిపించే ఒక పాత మేడ మీద ఉంది. ఉప్పుగాలి దూరకుండా కిటికీలకి రబ్బరు పట్టీలు వేశారు. ఒకప్పటి జమీందారు ఎవరో సీమ ప్రయాణంలో, ఓడ ఈజిప్టు రేవులో ఆగినప్పుడు, శవం ముఖానికి తొడిగే ముసుగొకటి సరదాకి కొన్నాడు. ఆ ముసుగే ఈ పనంతటికీ మూలం. అప్పట్లో రాతకోతలు గ్రీకులో సాగిన ఆ దేశంలో, చెత్తలో పోసిన పాత పపైరస్ కాగితాల్ని పొరలు పొరలుగా అంటించి, పైన సున్నం పూసి, రంగులతో ముఖం వేసేవారు. కాగితాలు కావాలంటే ముఖాన్ని తడిపి విప్పాలి. మూడేళ్లుగా అదే చేస్తున్నారు. నుదురు పోయింది, బుగ్గలు పోయాయి. పెద్ద కళ్ల అమ్మాయి ఫొటో ఒకటి గోడకుంది. గాజు పెట్టెలో మాత్రం గెడ్డమూ ఎడమచెవీ మిగిలాయి.

యంత్రానికి అనుహస్తం అని పేరు పెట్టారు. రెల్లు కలం నొక్కినచోట కాగితం నార కాస్త కుంగుతుంది. తొందరపడిన చోట సిరా పలచబడుతుంది, ఆగినచోట చిక్కబడుతుంది. ఆ కుంగుళ్లన్నీ కొలిచి, ఏ కండ ఎంత బిగిస్తే ఈ గీత పడిందో లెక్కకట్టి, ఆ బిగింపుని తొడుగులోంచి బతికున్న మనిషి చేతిలోకి పంపిస్తుంది యంత్రం. చచ్చిపోయినవాడి చెయ్యి ఈ చేతిలో మళ్లీ రాస్తుంది. మనసు కదిలితే చెయ్యి కదులుతుందని లోకం అనుకుంటుంది. చేతిని కదిలించి చూడండి, మనసు దాని వెనకే నడిచి వస్తుంది అని కృపానందంగారి సిద్ధాంతం. "మా అమ్మ వేలిముద్ర వేసేదండీ," అని ఒకసారి చెప్పారు. "ఆవిడ లోపల ఏముండేదో ఎవరికీ తెలీదు. రాజుల మనసు గురించి పుస్తకాలున్నాయి. బాతులు పోయిన మనిషి మనసు గురించి లేవు."

మిగతావాళ్ల చేతులు ఎదురుతిరిగేవి, కొయ్యబారిపోయేవి. టైపిస్టుగా చేరిన హైమావతి చెయ్యి మాత్రం లొంగింది. ఎందుకో మొదట ఎవరికీ అర్థం కాలేదు. ఆమె భర్తకి వినపడదని తెలిశాక అర్థమైంది. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆ చేతులు మాట్లాడుతూనే ఉన్నాయి.

*

భానుమూర్తి ఓడలు కట్టే యార్డులో డ్రాయింగులు గీస్తాడు. పుట్టుకతోనే వినపడదు. ఆమె తలుపు తీసుకుని లోపలికి రాగానే ఆమె భుజం మీదుగా వెనక్కి తొంగిచూశాడు.

"వచ్చాడా?" అని చేతులతో అడిగాడు.

"ఎవరు?"

"రోజూ నీతో వస్తాడే, వాడు. అన్నం వాడికి కూడా వడ్డించాలా? ఆనపకాయ తింటాడో తినడో."

ఆమె నవ్వబోయింది. నవ్వడానికి కూడా ఓపిక కావాలి. కాళ్లు కడుక్కుని వచ్చి కూర్చుంది. అతనే వడ్డించాడు. పులుసులో ఉప్పు ఎక్కువైందని చెప్పబోతే, మాట మధ్యలో మణికట్టు తనంతట తనే విదిలించుకుంది, బొటనవేలు రుద్దుకుంది, ఆ తర్వాత గానీ ఉప్పు బయటికి రాలేదు.

"నత్తి," అన్నాడతను.

"పోతుంది. పొద్దుటికి పోతుంది."

"నిన్నటిది పోలేదుగా. నిన్న ఎవరు?"

"గాడిదలు అమ్ముకునేవాడు. మొన్న నూనె గానుగవాడు. ఇవాళ ఒక ఆడమనిషి, భర్త పోయినావిడ. రోజుకొకరు."

భానుమూర్తి గిన్నె పక్కకి జరిపాడు. చెయ్యి తుడుచుకున్నాడు. అతను గట్టిగా మాట్లాడే ముందు చేతులు శుభ్రంగా తుడుచుకుంటాడని ఆమెకు తెలుసు.

"అబద్ధం. ఒక్కడే."

"నీకేం తెలుసు?"

"గాడిదలవాడు ఇలా చేశాడు." మణికట్టు విదిలించి, వేలు రుద్ది, కుడిభుజం కాస్త ఎత్తి దించాడు. "గానుగవాడు కూడా ఇదే. ఇవాళ నీ వితంతువూ ఇదే. నువ్వేమో ఊరందర్నీ తీసుకొస్తున్నానంటావు. నా ఇంటికి మూడేళ్లుగా వస్తున్నది ఒకే మగాడు. పేరు కూడా చెప్పడు."

"నీకు వాడి మీద కుళ్లు."

"కుళ్లే. నాకంటే ఎక్కువ మాట్లాడతాడు."

ఇద్దరూ నవ్వారు. నవ్వు అయిపోయాక అతను ఇంకో మాట అన్నాడు, చిన్నగా, ఛాతీకి దగ్గరగా, ఎవరైనా గుసగుసలాడినట్టు.

"నా పేరు పిలిచి ఎన్నాళ్లయింది?"

వినపడనివాళ్ల ఇళ్లల్లో పేరంటే ఒక కదలిక. పెళ్లిచూపులనాడు కళ్లజోడు జారిపోతూ ఉంటే అతను మాటిమాటికీ పైకి తోసుకున్నాడు. చూపుడువేలు కొంకిలా వంచి ముక్కు మీద కళ్లజోడు పైకి తోయడం - అదే అతని పేరైంది. ఆమె పెట్టిన పేరు. ఆమె తప్ప ఇంకెవరూ ఆ పేరుతో పిలవరు. కొన్ని వారాలుగా ఆమె అతన్ని భుజం తట్టి పిలుస్తోంది. గమనించడని అనుకుంది.

ఆమె చెయ్యెత్తింది. చూపుడువేలు వంచాలని మనసు చెప్పింది. చెయ్యి ముఖం దాకా రాకుండానే గాల్లో ఆగింది. వేళ్లు మూడూ దగ్గరికి చేరి, లేని కలాన్ని పట్టుకుని, దేనికోసమో కాచుకున్నాయి. ఎవరైనా ఏదైనా చెబితే రాద్దామని కాచుకున్నాయి. ఆమె మళ్లీ ప్రయత్నించింది. మళ్లీ అంతే.

భానుమూర్తి కళ్లు కిటికీవైపు తిప్పుకున్నాడు. ఆ ఇంట్లో కళ్లు తిప్పుకోవడమంటే తలుపు వేసుకోవడమే. ఆమె ఎంత అరిచినా ఇక వినపడదు.

పళ్లాలు కడుగుతూ ఆమె అనుకుంది: ఈ చేతిలోవాడెవడో, వాడు ఇంటికెళ్లినప్పుడు వాడి పెళ్లాం పరిస్థితి కూడా ఇంతేనేమో.

*

మర్నాడు ఆమె తొడుగు వేసుకోలేదు.

"ముందొకటి చూడాలి సార్. గాడిదలవాడి కాగితం, గానుగవాడిది, ఆ అర్జీ - మూడింటి చేతి లెక్కలు ఒకదాని మీద ఒకటి పెట్టండి."

"ఎందుకండీ? అక్షరాలు చూస్తే తెలియట్లా? అర్జీ గుండ్రంగా, పొందికగా ఉంది. మిగతావి కోడి కెలికినట్టున్నాయి. వేరే వేరే చేతులని ఫాదర్ గారే రాశారు."

"అక్షరాలు కాదు సార్. మధ్యలో చెయ్యి ఏం చేస్తోందో చూడండి."

కృపానందంగారు విసుగు దాచుకుంటూ చూశారు. విసుగు పోయింది. వంతులవారీగా మిగతా కాగితాలన్నీ తెచ్చి పరిచారు. ప్రతి నాలుగైదు వరసలకీ కలం లేస్తుంది. లేచిన తర్వాతి గీతలో ఒకే రకం వణుకు. కొన్నిట్లో తక్కువ, కొన్నిట్లో ఎక్కువ, పొద్దున ఒకలా పొద్దుపోయాక ఒకలా రాసినట్టు. అర్జీకి పెద్దమనిషి చొక్కా తొడిగాడు, గాడిదల రశీదుకి పనిబట్టలు తొడిగాడు. లోపల ఒళ్లు ఒక్కటే.

సరిగ్గా ఆ వారమే గెడ్డం విప్పారు. విప్పితే అర్జీ అడుగుభాగం దొరికింది. ఇన్నాళ్లూ ప్రతి కాగితానికీ అడుగు చిరిగిపోయి ఉండేది. ముసుగు చేసినవాడు అంచులు కత్తిరించేశాడు. ఇదొక్కటే మిగిలింది. దాని ఫొటో ఫాదర్ గారికి పంపితే సాయంత్రానికి అర్థం వచ్చింది. కృపానందంగారు పైకి చదివారు, కళ్లజోడు తీసి చేత్తో పట్టుకుని.

"హేరోన్ అను నేను, ఈమె మెల్లగా రాయు మనిషి గనుక, ఈమె తరఫున రాసినాను."

హైమావతి నవ్వింది. చాలా రోజుల తర్వాత లోపలినుంచి వచ్చిన నవ్వు, అయినా అందులో సంతోషం లేదు.

"దస్తూరి," అంది.

"ఏంటండీ?"

"మన దస్తావేజుల్లో చివర ఉంటుంది కద సార్. దస్తూరి ఫలానావారిది అని. ఇక్కడికి రాకముందు రిజిస్ట్రారాఫీసు ఎదురుగా దస్తావేజులు రాసే ఆయన దగ్గర టైపు కొట్టేదాన్ని. నేను నా ఇష్టపూర్తిగా, ఎవరి బలవంతమూ లేకుండా రాసి ఇచ్చినది ఏమనగా అని రోజంతా కొట్టేదాన్ని. ఎంతమంది నేనులో! అన్నదమ్ములు విడిపోతుంటే కొట్టాను, తల్లి ఉన్న ఒక్క గదీ రాసిచ్చేస్తుంటే కొట్టాను. కొడుతూ ఏమనుకునేదాన్నో తెలుసా? ఇంటికెళ్తూ పచ్చిమిరపకాయలు కొనాలి అని."

ఆయన కుర్చీలో కూలబడ్డారు.

"మరి ఆ దుఃఖం? మీరే చెప్పారుగా. ఎవరో పోయినట్టుందని. ముప్ఫై పేజీలు రాశాను నేను, దిక్కులేని స్త్రీ అంతరంగం అని."

"దుఃఖం కాదు సార్ అది. సాయంత్రం. పొద్దుట్నుంచీ రాసిరాసి భుజం దిగజారిపోయిన మనిషి సాయంత్రం. ఆ రోజు మీరు పొద్దున్నే బాతుల సంగతి చదివి వినిపించారు. బరువు తెలిసింది. ఏం బరువో తెలీదు. దగ్గర్లో వితంతువు ఉంది, ఆవిడ పేరు పెట్టేశాను. గానుగవాడి రోజున అదే బరువుకి కోపం అని పేరు పెట్టాను. మీరు రాసుకున్నారు."

బయట రేవులో ఏదో ఓడ కూత పెట్టింది. మూడేళ్లు ఒక ఊరి మనుషులందర్నీ విన్నామనుకున్నారు. విన్నది ఒక అలిసిపోయిన గుమాస్తాని. అందరి తరఫునా రాసినవాడు. వాడు తన కోసం రాసుకున్న ముక్క ఆ ముసుగులో ఒక్కటీ లేదు. హైమావతికి వాడి మీద కోపం రాలేదు. ఎవరెవరి బాతులో, ఎవరెవరి గాడిదలో మోసి మోసి వాడి చెయ్యి వాడికి కాకుండా పోయింది. ఇప్పుడు అది తన భుజానికి వేలాడుతోంది.

కృపానందంగారు తలెత్తారు. ఆయన చూపు గాజుపలక మీద, ఆ ముక్క అడుగున ఆగింది. హేరోన్ రాత కింద ఇంకో రాత ఉంది. పెద్దపెద్ద అక్షరాలు, ఒకటి పడిపోతున్నట్టు, ఒకటి గోడెక్కుతున్నట్టు. ఒక అక్షరం మర్చిపోయి పైన ఇరికించారు. ప్రతి గీతా మొదలై, ఆగి, మళ్లీ మొదలైంది. తాయెసిస్. ఆవిడే రాసుకున్న పేరని ఫాదర్ గారు రాశారు.

"హైమగారూ," ఆయన గొంతు తగ్గింది. "మొత్తం ముఖంలో ఒక్క మనిషి సొంత చెయ్యి ఇదొక్కటే. అయిదారు అక్షరాలు. క్షణాల పని."

"క్షణాల పని కాదు సార్. మీకూ తెలుసు. అలవాటున్న చెయ్యి జారుతూ పోతుంది. అలవాటు లేనిది ప్రతి గీతకీ కొట్లాడుతుంది. అదంతా నా చేతిలో జరగాలి."

"జరగాలి. నిజమే." దాచలేదాయన. "యంత్రం బిగింపు ఇంతకుముందెప్పుడూ పెట్టనంత పెట్టాలి. మీ చెయ్యి ఇంకెంత మిగులుతుందో నేను చెప్పలేను. మిమ్మల్ని అడగడం తప్పని తెలుసు. అడక్కుండా ఉండలేకపోతున్నాను. తడి తగిలింది కదా, సిరా వదులుతోంది. నెల తిరిగేసరికి యంత్రానికి అందదు."

ఆమె పలక దగ్గరికి వెళ్లి నిలబడింది. ఒక వితంతువు హేరోన్ పక్కన కూర్చుని ఉంటుంది. అంతా వాడే రాసి ఉంటాడు, వాడి అలవాటైన దీనమైన మాటలతో. చివరికి, పేరు నేను వేస్తాను, ఇలా ఇవ్వు అని ఉంటుంది. వాడు ఆవులిస్తూ కలం ఇచ్చి ఉంటాడు. ఇదీ ఊహే. ఇలాంటి ఊహలు అల్లే కదా ముప్ఫై పేజీలయ్యాయి. ఆమె ఊహ ఆపేసింది. మిగిలింది పేరొక్కటే.

"నా మొగుణ్ణి పేరు పెట్టి పిలవలేకపోతున్నాను సార్," అంది. "మొన్న ఆయన అడిగితే రెండుసార్లు చెయ్యెత్తాను. రాలేదు. ఆయన కిటికీలోకి చూస్తూ కూర్చున్నాడు. ఇంకొకర్ని పెట్టుకోవడానికి ఈ చేతిలో చోటు లేదు."

కృపానందంగారు తల ఊపారు. మళ్లీ అడగలేదు. లేచి, చొక్కా చెయ్యి పైకి మడుచుకుని, తొడుగు తనే వేసుకున్నారు. జిగురు రాసుకోవడం చేతకాక ఒలకబోసుకుంటే ఆమె సాయం చేసింది. పట్టీలు బిగించింది. మీట నొక్కమంటే నొక్కింది.

ఆయన చెయ్యి కొయ్యబారింది. నరాలు ఉబ్బాయి. వేళ్లు బల్ల అంచుని పట్టుకుని వదల్లేదు. ముఖం మీద చెమట. తెర మీద గీత నేలబారుగా సాగిపోయింది. పేరు అయిపోయింది. ఆమె పట్టీలు విప్పింది.

"ఏమైనా తెలిసిందా సార్?"

ఆయన చెయ్యి ఒళ్లో పెట్టుకుని పిసుక్కుంటూ ఉండిపోయారు. కళ్లు ఎర్రబడ్డాయి. "ఏమీ లేదండీ. చెయ్యి నొప్పి. అంతే."

"ఆవిడకి కూడా అంతే అయి ఉంటుంది," అంది హైమావతి.

ఆయన ఆమె ముఖంలోకి చూశారు, వెటకారమేమో అని. కాదు. కాసేపటికి లేచి, గోడ మీది ఫొటో వంకరగా ఉంటే సర్ది, దీపాలు ఒక్కొక్కటే ఆర్పారు. గాజుపెట్టెలో ఎడమచెవి మిగిలింది. దాన్ని తడపవద్దని ఆమె చెప్పలేదు. తడుపుతానని ఆయనా అనలేదు.

*

భానుమూర్తి అప్పుడే యార్డు నుంచి వచ్చి, వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఆనపకాయ చెక్కు తీస్తున్నాడు. ఆమె వచ్చి ఎదురుగా కూర్చుంది. ఈసారి ఆమె వెనక ఎవరున్నారని అతను చూడలేదు. అడగలేదు కూడా.

"మానేశాను," అంది ఎడమచేత్తో. ఎడమచేతి మాట మొరటుగా ఉంటుంది, అయినా అర్థమవుతుంది.

"వాడో?"

"వాడు ఉన్నాడు. ఉంటాడేమో. పేరు హేరోన్. అందరి ఉత్తరాలూ రాసేవాడు. నువ్వన్నట్టు ఒక్కడే."

"చెప్పానా!" గెలిచినవాడి సంబరం ఒక్క క్షణం అతని ముఖంలో వెలిగి, ఆమెను చూసి ఆరిపోయింది. చాకు కింద పెట్టాడు. చేతులు తుడుచుకున్నాడు.

ఆమె కుడి మోచేతిని బల్లకి ఆనించి, కదలకుండా ఎడమచేత్తో అదిమిపట్టింది. మణికట్టు విదిలించుకోబోయింది, విదిలించుకోనిచ్చింది. వేలు రుద్దుకుంది, రుద్దుకోనిచ్చింది. కలం కోసం మూడువేళ్లూ దగ్గరికి చేరాయి. వాటిలోంచి చూపుడువేలొక్కదాన్నీ విడదీయడానికి చాలాసేపు పట్టింది. విడివడింది. వంచాలి. సగం వంగి మళ్లీ చాచుకుంది. మొదటికి వచ్చింది. మళ్లీ విడదీసింది. వంచింది. ఇప్పుడు ముఖం దాకా ఎత్తాలి. చెయ్యి వణుకుతూ లేచి, ముక్కు తప్పి, బుగ్గ మీద గుచ్చుకుంది.

"ఎవరిదా చెయ్యి?" అన్నాడతను. అందులో వెక్కిరింత లేదు.

"నాదే. మెల్లగా వస్తుంది."

మళ్లీ మొదటినుంచి ఎత్తుకుంది. అతను ముందుకి వంగి చూస్తున్నాడు. చెమటకి కళ్లజోడు ముక్కు మీదుగా కిందికి జారింది. ఇంకాస్త జారింది. అలవాటు కొద్దీ దాన్ని తోసుకోవడానికి అతని వేలు పైకి లేచి, సగంలో ఆగింది. చెయ్యి దించి ఒళ్లో పెట్టుకున్నాడు. కళ్లజోడు ముక్కు కొసకి వచ్చి, పడిపోబోతూ వేలాడుతోంది. ఆమె ముఖం మసకమసకగా కనిపిస్తోంది. అయినా తోసుకోకుండా, కళ్లు తిప్పుకోకుండా, ఆమె పిలిచేదాకా అలాగే కూర్చున్నాడు.